టైటానియం కాయిల్‌ని ఎర్రగా కాల్చి క్లీన్ చేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఈ రోజు టేబుల్ మీద ఫోన్ లేదు, ల్యాప్‌టాప్ లేదు. ఒక చిన్న తీగ చుట్ట మాత్రమే ఉంది. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. అటు చివర, ఇటు చివర వెండిలా మెరుస్తోంది. మధ్యలో మాత్రం సున్నం పట్టినట్టు తెల్లగా ఉంది. టూత్‌పిక్‌తో గీకితే పొడి రాలుతోంది.

ఇది వేప్‌లో వాడే టైటానియం కాయిల్. మా తమ్ముడిది. తమ్ముడంటే బాబాయి కొడుకు. కెమిస్ట్రీలో డిగ్రీ చేసి పాశమైలారం వైపు ఒక కంపెనీలో షిఫ్టుల్లో పని చేస్తున్నాడు. ఇస్నాపూర్‌లో ఇంకో ముగ్గురితో కలిసి రూమ్‌లో ఉంటాడు. పోయిన నెల నేను వెళ్తే నైట్ షిఫ్ట్ దిగి కూర్చున్నాడు, దగ్గుతున్నాడు.

"ఏమైందిరా?" అంటే, "ఏం లేదన్నా, మొన్న కాయిల్ క్లీన్ చేసిన. అప్పటి సంది గొంతు మంట" అన్నాడు.

"ఎట్ల క్లీన్ చేసినవ్?"

"పత్తి తీసేసి, బటన్ నొక్కి ఎర్రగ కాల్చిన. వీడియోల అట్లనే చూపిచ్చిండు."

వీడియోలో అట్లనే చూపించాడు, నిజమే. కానీ ఆ వీడియోలో ఉన్నది వేరే లోహం. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క తేడా గురించే.

ముందుగా రెండు మాటలు. ఒకటి, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి కొన్నేళ్లు కోడ్ రాసినవాణ్ని. వాడి దగ్గు దీనివల్లే వచ్చిందని నేను చెప్పను, చెప్పలేను. అది చూడాల్సింది డాక్టర్. రెండు, ఇది వేప్ కొనమని చెప్పే వీడియో కాదు. మన దేశంలో ఇది నిషేధం. కానీ నిషేధం ఉన్నా సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా హాస్టళ్లలో, రూముల్లో ఇది తిరుగుతోందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. "మానెయ్" అని ఒక్క మాట అనేసి లేచిపోతే, ఈ రాత్రి ఇంకొకడు ఇదే తీగను ఎర్రగా కాలుస్తాడు. అందుకే పూర్తిగా మాట్లాడుకుందాం.

తీగ ఒకేలా కనిపిస్తుంది, లోహం వేరు

వేప్‌లో జరిగే పని చాలా సింపుల్. బ్యాటరీ నుంచి కరెంట్ తీగలోకి వెళ్తుంది, తీగ వేడెక్కుతుంది. తీగలో దూర్చిన పత్తికి పట్టిన లిక్విడ్ ఆవిరవుతుంది. ఇమ్మర్షన్ హీటర్‌కి చిన్న తమ్ముడు అనుకోండి.

ఆ తీగ ముఖ్యంగా నాలుగు రకాలు. కాంథాల్, అంటే ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన మిశ్రమం. స్టెయిన్‌లెస్ స్టీల్. నికెల్. టైటానియం. కాంథాల్ అసలు పుట్టిందే ఫర్నేసుల కోసం. దాన్ని ఎర్రగా కాలిస్తే పైన అల్యూమినియం ఆక్సైడ్ పొర గట్టిగా పట్టుకుని ఉంటుంది, రాలదు. ఆ వీడియోలో అన్న ఎర్రగా కాల్చింది దాన్ని.

టైటానియం అలా కాదు. మామూలు వేడిలో ఇది చాలా మంచి లోహం. తుప్పు పట్టదు, ఒంట్లో పెట్టినా ఇబ్బంది పెట్టదు. విరిగిన ఎముకలకు వేసే ప్లేట్లు, స్క్రూలు, పళ్ల ఇంప్లాంట్లు దీనితో చేస్తారు. మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో మిధాని అని 1973లో పెట్టిన ప్రభుత్వ సంస్థ ఉంది కదా, అక్కడ రాకెట్లకు, విమానాలకు టైటానియం మిశ్రమాలు తయారు చేస్తారు. మరి ఇంత మంచి లోహానికి ఏమొచ్చింది?

దీని మంచితనమంతా ఒక పల్చటి పొరలో ఉంది. టైటానియం గాలి తగలగానే తన మీద తానే ఆక్సైడ్ పొర వేసుకుంటుంది. కొన్ని నానోమీటర్ల మందం. ఆ పొరే దాని కవచం. కానీ వేడి 600 డిగ్రీలు దాటిందంటే ఆ పొర వేగంగా లావెక్కుతుంది. లోపలి లోహం ఆక్సిజన్‌ని పీల్చుకుని పెళుసుగా మారుతుంది. ఎర్రగా కాలడం అంటే ఆ గీత దాటినట్టే. ఇంకా కాలిస్తే పొర పొలుసులుగా లేస్తుంది. ఇందాక మీరు చూసిన తెల్ల పొడి అదే, టైటానియం డయాక్సైడ్.

"అన్నా, అది గోడల పెయింట్‌లో కూడా ఉంటుంది కదా" అంటారు. ఉంటుంది. గోడ మీద ఉన్నంతసేపు దానితో గొడవ లేదు. సమస్య పొడిగా ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం. పీల్చే ధూళి రూపంలో దీన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2బీ గ్రూపులో పెట్టింది. అంటే మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉండొచ్చు, సాక్ష్యం ఇంకా పూర్తిగా లేదు అని. భయపెట్టడానికి చెప్పట్లేదు. కానీ పొడి రాలుతున్న తీగను నోటికి రెండంగుళాల దూరంలో పెట్టుకుని గాలి లాగడం తెలివైన పని కాదని చెప్పడానికి ఇది చాలు.

ఇంకో విషయం. సన్నటి టైటానియం అంటుకుంటుంది కూడా. లేత్ మీద టైటానియం కోసే వర్కర్లని అడగండి, ఆ రజను, సన్న తురుము విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటారో చెబుతారు. నిప్పంటుకుంటే తెల్లటి వెలుగుతో మండుతుంది. నీళ్లు పోస్తే ఆ వేడికి నీటిలోంచి హైడ్రోజన్ పుట్టి మంట పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో కూడా ఆరదు. పొడి ఇసుక, లేదా లోహాల మంటలకు వాడే ప్రత్యేకమైన పొడి కావాలి. మా వాడు కాల్చినప్పుడు "ఒక్కసారి తెల్లగ మెరిసింది అన్నా" అన్నాడు. ఆ మెరుపు దేని గుర్తో వాడికి తెలీదు.

మీ దగ్గరున్నది ఏ తీగ?

ప్యాకెట్ లేకుండా, లేబుల్ లేకుండా చేతులు మారే సరుకు ఇది. కాబట్టి ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తీసుకోండి. తీగ అంటుకుంటే అది కాంథాల్ గానీ నికెల్ గానీ కావచ్చు. అంటుకోకపోతే టైటానియం కావచ్చు, స్టెయిన్‌లెస్ స్టీల్ కావచ్చు. అంటే అంటుకోని తీగ ఏదైనా సరే, టైటానియమే అనుకుని ఎర్రగా కాల్చే ఆలోచన మానేయాలి. అంటుకుంది కాబట్టి కాల్చొచ్చు అని కూడా కాదు. నికెల్‌ని కూడా అలా కాల్చకూడదు.

ఇప్పుడు చిన్న లెక్క

ఇది నాకు ఇష్టమైన భాగం. స్కిప్ చేయకండి.

టైటానియం వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. డిగ్రీకి సుమారు 0.35 శాతం. కాంథాల్‌కి ఆ మార్పు దాదాపు ఉండదు. టెంపరేచర్ కంట్రోల్ అనే మోడ్ ఉన్న మెషిన్లలో థర్మామీటర్ ఏమీ ఉండదు. అది తీగ రెసిస్టెన్స్ కొలిచి, "ఇంత పెరిగిందంటే ఇంత వేడెక్కినట్టు" అని లెక్కేస్తుంది. అంతే.

చల్లగా, 20 డిగ్రీల దగ్గర తీగ 0.5 ఓమ్ అనుకుందాం. 220 డిగ్రీలకు సెట్ చేశారు. 200 డిగ్రీలు పెరగాలి, అంటే రెసిస్టెన్స్ 70 శాతం పెరిగి 0.85 అవ్వాలి. 0.85 దగ్గర మెషిన్ ఆపేస్తుంది. బాగుంది.

ఇప్పుడు తప్పులు చూద్దాం. ఇస్నాపూర్‌లో రేకుల రూమ్, మే నెల మధ్యాహ్నం. లోపల 40 డిగ్రీలు. అప్పుడు తీగ 0.535 చూపిస్తుంది. మెషిన్ మాత్రం ఇదే 20 డిగ్రీల విలువ అనుకుంటుంది. మీరు 220 పెడితే నిజంగా వెళ్లేది సుమారు 254.

రెండో తప్పు. ఇప్పుడే వాడి, తీగ ఇంకా వెచ్చగా ఉండగానే విప్పి మళ్లీ బిగించారు. తీగ 70 డిగ్రీల దగ్గర ఉంది అనుకోండి. మెషిన్ ఆ విలువని లాక్ చేసింది. ఇప్పుడు 220 అంటే నిజంగా 305.

మూడో తప్పు. తీగ టైటానియం, కానీ మెషిన్‌లో నికెల్ అని సెట్ చేశారు. నికెల్ రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.6 శాతం పెరుగుతుంది. ఇప్పుడు 220 అంటే నిజంగా సుమారు 363.

చూశారా? స్క్రీన్ మీద అంకె ఒకటే, 220. లోపల జరుగుతున్నది 254, 305, 363. సాఫ్ట్‌వేర్‌లో మేం ఒక మాట అనుకునేవాళ్లం: చెత్త ఇన్‌పుట్ ఇస్తే చెత్త అవుట్‌పుటే వస్తుంది. అక్కడ చెత్త స్క్రీన్ మీద పడేది. ఇక్కడ ఊపిరితిత్తుల్లో పడుతుంది.

ఆ లిక్విడ్‌లో ఉండేది ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్. అతిగా వేడెక్కితే, ముఖ్యంగా పత్తి ఆరిపోయి తీగ ఎండిపోతే, ఇవి విడిపోయి ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటివి పుట్టిస్తాయి. నూనె మాడినప్పుడు వంటింట్లో కళ్లు మండుతాయే, ఆ ఘాటులో ఉండేది ఎక్రోలినే. ఇక మామూలు వాటేజ్ మోడ్‌లో ఈ కొలత కూడా ఉండదు. వాటేజ్ మోడ్‌లో టైటానియం అంటే బ్రేకులు లేని బండి.

మరి క్లీనింగ్ ఎలా?

అసలు సమాధానం: తీగ పారేయండి. కాల్చిన తీగ అయితే ఇంకో మాటే లేదు. కానీ కాల్చలేదు, నల్లగా జిడ్డు పట్టింది అంతే అంటారా, అయితే వినండి.

బ్యాటరీ తీసేయండి. పది నిమిషాలు చల్లారనివ్వండి. పాత పత్తిని లాగేయండి. కాయిల్‌ని వేడినీళ్లలో కాసేపు నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దండి. స్టీల్ పీచు వద్దు, గీతలు పడతాయి. మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరబెట్టడానికి స్టవ్ వద్దు, లైటర్ వద్దు, బటన్ నొక్కి వేడి చేయడం అస్సలు వద్దు. ఒక రాత్రి గాలికి వదిలేస్తే చాలు.

ఆరాక వెలుతురులో చూడండి. లేత బంగారు రంగు, నీలం, ఊదా కనిపిస్తే అది ఆక్సైడ్ పొర కొంచెం మందమైనట్టు. తెల్లగా, బూడిద రంగులో, పొలుసులుగా కనిపిస్తే, లేదా వంచితే పుల్లలా విరిగితే, చెత్తలోకే. నల్ల మడ్డి బ్రష్‌కి రాకపోయినా చెత్తలోకే.

మళ్లీ బిగించాక రెసిస్టెన్స్ చల్లగా ఉన్నప్పుడే లాక్ కావాలి. మోడ్‌లో టైటానియం అనే ఉండాలి. పత్తి పూర్తిగా తడిసి ఉండాలి. ఇవేవీ చూపించలేని మెషిన్ అయితే టైటానియం దానికి కాదు.

ఇప్పుడు మన ఏరియాకి ప్రత్యేకమైన మాట. తమ్ముడి రూమ్‌లో కిటికీ మీద ఒక చిన్న సీసా కనిపించింది. లేబుల్ లేదు. "ఏందిరా ఇది?" అంటే "సాల్వెంట్ అన్నా, ప్లాంట్ల నుంచి తెచ్చిన. జిడ్డు మస్తు పోతది" అన్నాడు.

పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి. ఈ బెల్ట్ అంతా ఫార్మా, కెమికల్ కంపెనీలే. సాల్వెంట్ అంటే మనవాళ్లకి కిరోసిన్ అంత మామూలు మాట. కానీ ఆ సీసాలో ఉన్నది మెథనాల్ అయితే? అది తాగితేనే విషం అనుకోకండి. ఆవిరి పీల్చినా, చర్మం మీద పడినా ఒంట్లోకి వెళ్తుంది, కంటిచూపుని దెబ్బతీస్తుంది. ఎసిటోన్ అయితే మైనస్ 20 డిగ్రీల దగ్గరే దాని ఆవిరికి నిప్పంటుకుంటుంది. సరిగ్గా ఆరని కాయిల్‌లో కరెంట్ పెట్టి మూతి దగ్గర పెట్టుకుంటే ఏమవుతుందో కెమిస్ట్రీ చదివిన వాడికి నేను చెప్పాలా? వాడు తల దించుకున్నాడు. రోజూ ఎనిమిది గంటలు గ్లౌజులు, మాస్కు వేసుకుని ముట్టుకునే దాన్ని, రూమ్‌కి రాగానే నోటి దగ్గర పెట్టుకుంటున్నాడు. పని చేసే చోట ఉన్న జాగ్రత్త ఇంట్లో ఎందుకు పోతుందో నాకు అర్థం కాలేదు.

గేటు దగ్గర

ఇంకో ప్రశ్న అడిగాను. "ఇది జేబుల పెట్టుకుని ప్లాంట్‌లకి పోతవా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అందరూ తీస్కపోతరన్నా" అన్నాడు.

సాల్వెంట్ వాడే ప్లాంట్లలో గేటు దగ్గరే అగ్గిపెట్టె, బీడీ, లైటర్, ఫోన్ తీసుకుంటారు. కానీ ఇది చూడటానికి పెన్నులా, పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. సెక్యూరిటీ అన్న గుర్తుపట్టడు. లోపల ఉన్నది మాత్రం ఒక లిథియం బ్యాటరీ, వందల డిగ్రీలు వేడెక్కే ఒక తీగ. జేబులో బటన్ నొక్కుకుపోతే చాలు. టోలుయీన్ ఆవిరి 4 డిగ్రీల దగ్గరే అంటుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. మన వాతావరణంలో అది ఏడాదంతా సిద్ధమే.

2025 జూన్ 30 మనలో ఎవరూ మర్చిపోలేదు. పాశమైలారంలో సిగాచి పేలుడు. మృతులు, ఆచూకీ దొరకనివాళ్లు కలిపి 54 మంది. దానికీ వేప్‌కీ ఏ సంబంధమూ లేదు, దయచేసి ఎవరూ అలా కలపకండి. ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, ఆ రోజు తర్వాత కూడా ఈ బెల్ట్‌లో జేబులో నిప్పు పెట్టుకుని లోపలికి వెళ్లడం మామూలు విషయం అనుకుంటే, మనం ఏమీ నేర్చుకోనట్టే. నీ ఊపిరితిత్తులు నీ ఇష్టం అనుకుందాం. పక్క రియాక్టర్ దగ్గర నిలబడ్డవాడి ప్రాణం నీ ఇష్టం కాదు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చి పని చేస్తున్న అన్న, సాయంత్రం ఇంటికి ఫోన్ చేయాలి కదా.

చట్టం ఏమంటుంది?

2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ వచ్చింది, డిసెంబర్‌లో చట్టమైంది. నికోటిన్ ఉన్నా లేకపోయినా ఈ-సిగరెట్ తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, ప్రకటన అన్నీ నేరం. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. సరుకు నిల్వ పెడితే ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ. "రూమ్‌మేట్స్‌కి నాలుగు తెచ్చిపెట్టా, రెండు వందలు మిగిలాయి" అనేవాళ్లు ఈ మాట రెండుసార్లు వినండి. అది అమ్మకమే.

నిషేధం వల్ల ఇంకో సంగతి ఉంది. కొన్నది పాడైతే అడగడానికి దుకాణం లేదు, బిల్లు లేదు, తీగ మీద పేరు లేదు, లిక్విడ్‌లో ఏముందో రాసిన కాగితం లేదు. అమెరికాలో 2019లో వేప్ వాడినవాళ్లకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చి, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు లేదా చనిపోయారు. అందులో మరణాలు 68. ఎక్కువ కేసుల్లో దొరికిన కారణం దొంగచాటు సరుకులో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్. కాయిల్ ఎంత తోమినా లిక్విడ్‌లో ఉన్నది పోదు కదా.

అందుకే నా మాట ఇది. టైటానియం కాయిల్ సేఫ్‌గా ఉండాలంటే మూడు తెలియాలి: తీగ ఏదో తెలియాలి, వేడి ఎంతో తెలియాలి, లిక్విడ్‌లో ఏముందో తెలియాలి. మన దగ్గర దొరికే సరుకులో ఈ మూడూ తెలియవు. నేను చెప్పిన క్లీనింగ్ అంతా ప్రమాదాన్ని కొంచెం తగ్గిస్తుంది, తీసేయదు. నిజమైన క్లీనింగ్ అంటే కాయిల్ విప్పి, ఇంకోటి బిగించకపోవడమే.

మానాలనుకునేవాళ్లకి నేషనల్ టొబాకో క్విట్‌లైన్ ఉంది. నంబర్ 1800-112-356, డబ్బులు పడవు. మెడికల్ షాపుల్లో నికోటిన్ గమ్ దొరుకుతుంది, ఎంత వాడాలో డాక్టర్‌ని అడగండి. దగ్గు, ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే "నేను వేప్ వాడుతున్నా" అని డాక్టర్‌తో దాచకుండా చెప్పండి. ఆ ఒక్క మాట దాస్తే ట్రీట్‌మెంట్ దారి తప్పుతుంది. పాత బ్యాటరీని తాళాలు, చిల్లరతో కలిపి జేబులో వేయకండి, ఇంటి చెత్తలో పడేయకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

తమ్ముడి సంగతి అడుగుతారు, చెప్తా. ఆ సీసాని ఏం చేయాలో ప్లాంట్‌లో సేఫ్టీ సార్‌ని అడిగి అప్పగించాడు, తిట్లు తిన్నాడు. డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్లొచ్చాం. కాయిల్ విప్పి నా చేతిలో పెట్టాడు, అదే ఈ టేబుల్ మీద ఉన్నది. ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. మధ్యలో రెండుసార్లు రూమ్‌మేట్ దగ్గర తీసుకుని లాగాడట, వాడే ఫోన్ చేసి చెప్పాడు. నేను తిట్టలేదు. రేపు ఇరవయ్యో రోజు, అంతే అన్నాను.

ఈ వీడియో ఎవరికి పంపాలో మీకు ఇప్పటికే ఒక పేరు గుర్తొచ్చి ఉంటుంది. వాడికి పంపండి. కింద "చూడరా ఎదవా" అని రాయకండి, "ఎర్రగ కాల్చకురా" అని మాత్రం రాయండి. చాలు. మళ్లీ వచ్చే వారం కలుద్దాం, ఉంటా.